కింది అర

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి తలుపు తీసిన పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయి ముక్కు ఎగబీల్చాడు. పెరట్లోంచి ఏదో పుల్లటి వాసన వస్తోంది. పెరుగు గిన్నెని ఎండలో పెట్టి మరిచిపోతే వస్తుందే, అలాంటిది.

"అమ్మాయ్, ఇక్కడేదో చెడిపోయినట్టుంది చూడు!" అని కేకేశాడు.

"చెడిపోలేదు మావయ్యా, బాగుపడుతోంది," అంది కోడలు పుట్టగొడుగుల గది ముందు నుంచి. ఆమె ఒక నీలం డ్రమ్ములోకి వంగి పొడవాటి కర్రతో కలుపుతోంది. డ్రమ్ములోకి సన్నటి గొట్టం ఒకటి దిగి ఉంది. చేపల తొట్టెకి పెట్టే గాలి మోటారు పక్కనే కూర్చుని గురక పెడుతోంది.

"ఏంటమ్మా ఇది?"

"బ్యాక్టీరియా. విత్తనం అమ్మే ల్యాబ్ వాళ్ల దగ్గర పొడి దొరికింది. చక్కెర నీళ్లలో కలిపి రాత్రంతా గాలి పట్టించాను. ఈపాటికి కోట్లల్లో అయ్యుంటాయి."

పెద్దాయన కాఫీ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఆ కోట్లల్లో ఒకటో రెండో ఎగిరి అందులో పడతాయేమోనని.

"ఆ పురుగుల్ని తీసుకెళ్లి గదిలో వదులుతావా?"

"పురుగులు కావు మావయ్యా, మంచివి. పచ్చబూజుని రానివ్వవు, పుట్టగొడుగు జోలికి పోవు."

"మంచివో చెడ్డవో వాటి మొహాన రాసి ఉంటుందా?" అన్నాడాయన.

కోడలు నవ్వింది. ఆమె పనిచేసేది ఆసుపత్రి ల్యాబులో. రోజంతా గాజు పళ్లేల్లో సూక్ష్మజీవుల్ని పెంచి, ఏది ఏమిటో తేల్చి చెప్పడమే ఆమె ఉద్యోగం. వాటి మొహాలు చూసి చూసి అలవాటైన మనిషి. పెద్దాయనకి మాత్రం ఆ నవ్వు నచ్చలేదు. కాఫీ అక్కడే గట్టు మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ పుట్టగొడుగుల గది ఆయన భార్యది. ఇల్లు ఆయన కట్టించాడు, గది ఆవిడ కట్టించుకుంది. పెరటి గోడకి ఆనించి, రేకుల కప్పు కింద రెండు వైపులా మూడేసి అరలు, నడుమ మనిషి పట్టేంత దారి. అరల నిండా కంపోస్టు పరిచి, విత్తనం చల్లి, తెల్లటి నూలు లాంటిది అల్లుకున్నాక పైన మట్టి కప్పి, నీళ్లు చిలకరిస్తూ కూర్చుంటే ఒక పొద్దున మట్టిలోంచి తెల్లటి బొడిపెలు తలెత్తేవి. ఆ పొద్దున ఆవిడ ఇంట్లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడేది కాదు, ఎక్కడ అవి ఉలిక్కిపడి లోపలికి పోతాయోనని.

శుభ్రం అంటే ఆవిడ తరవాతే ఎవరైనా. తెల్లారకుండానే ఒకసారి, రాత్రి పొద్దుపోయాక ఇంకోసారి, బకెట్టు నిండా బ్లీచింగ్ నీళ్లు కలిపి గది గోడలు, నేల, అరల కాళ్లు, తలుపు గడియ, ఒకటేమిటి, చేతికందిందల్లా కడిగి పారేసేది. వీధిలో పిల్లలు ఆవిడకి బ్లీచింగమ్మ అని పేరు పెట్టారు. ఆవిడకి అది తెలుసు. కోప్పడకపోగా, "మీ మొహాలూ పట్టుకురండి, ఓ చెయ్యి వేస్తాను," అనేది.

పెద్దాయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ అర్ధరాత్రో బండి డిపోలో పెట్టి, ఒళ్లంతా డీజిలు కంపుతో నడుచుకుంటూ వచ్చేవాడు. వీధి మలుపు తిరగగానే బ్లీచింగ్ వాసన ఎదురొచ్చేది. ఆ వాసన తగిలితే చాలు, అంతదాకా స్టీరింగు పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్న భుజాలు వాటంతటవే దిగేవి. వేరే మగవాళ్లకి ఇల్లంటే ఏం గుర్తొస్తుందో గాని, ఆయనకి మాత్రం ఆ ఘాటైన వాసనే ఇల్లు. నిరుడు ఆవిడ పోయాక చీరలు బీరువాలో ఉన్నాయి, కళ్లజోడు కిటికీలో ఉంది, వాసన మాత్రం పోయింది.

ఆవిడతోపాటే గదికి కళ కూడా పోయింది. వరసగా రెండు పంటలు పచ్చబూజు పాలయ్యాయి. ఏసీలు బాగుచేసే కొడుకు గదికి చల్లదనం చూసేవాడే గాని లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. రెండో పంటని బస్తాలకెత్తి పారేసిన రోజున తేల్చి చెప్పేశాడు.

"ఇంక చాలు నాన్నా. వెనక వీధి టైర్ల షాపాయన గది అడుగుతున్నాడు. సామాను పెట్టుకుంటాడట. ఇచ్చేద్దాం."

పెద్దాయన వింటూనే లేచి నిలబడ్డాడు. ఆవిడ గదిలో టైర్లా! అప్పుడు అడ్డం పడింది కోడలే. "ఈ ఒక్క పంట నన్ను వేయనివ్వండి. ఇదీ పోతే టైర్లకే ఇచ్చేద్దాం, నేను నోరెత్తను," అని మొగుణ్ని ఒప్పించింది. అందుకు పెద్దాయన ఆమెని మనసులో వెయ్యిసార్లు దీవించాడు. తీరా పంట వేసే రోజున ఆమె తెచ్చింది ఈ పుల్లటి డ్రమ్ము!

కంపోస్టు పరిచేటప్పుడు ఒకసారి, పైమట్టి కప్పాక ఒకసారి, కోడలు ఆ నీళ్లు అన్ని అరల మీదా చల్లింది. పెద్దాయన గుమ్మం బయటే నిలబడి, ఎవరో తన ఇంట్లో చెత్త పోస్తుంటే చూస్తున్నవాడిలా చూశాడు. అయినా పైకి ఏమీ అనలేదు. గది నిలబడాలంటే ఆమె నిలబెట్టాల్సిందే, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

కొన్నాళ్లు అంతా బాగానే ఉంది. ఒకరోజు మధ్య అర చివర, బొటనవేలంత మేర పచ్చటి మచ్చ కనబడింది. దాన్ని మొదట చూసింది పెద్దాయనే.

"వచ్చేసిందమ్మా! మళ్లీ వచ్చేసింది!"

కోడలు వచ్చి చూసింది. ఆ మచ్చ ఉన్న చోట గుప్పెడు ఉప్పు కుప్పగా పోసి మూసేసింది. "ఒకటీ అరా వస్తూనే ఉంటాయి మావయ్యా. పాకకుండా మనవి చూసుకుంటాయి. మీరు కంగారు పడకండి, దాన్ని ముట్టుకోకండి," అని చెప్పి ఆసుపత్రికి వెళ్లిపోయింది.

కంగారు పడకండి అని చెప్పినంత తేలికా, పడకుండా ఉండటం? పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, పేపరు తిరగేశాడు, మళ్లీ వెళ్లి ఆ ఉప్పు కుప్పని తొంగి చూశాడు. ఆవిడే ఉంటే ఇలా చేతులు ముడుచుకు కూర్చునేదా? చివరికి ఉండబట్టలేక అటక మీది నుంచి ఆవిడ ఇత్తడి పిచికారీ డబ్బా దింపాడు. బ్లీచింగ్ పొడి తెచ్చాడు. ఆవిడ కలిపేదానికంటే ఓ పిడికెడు ఎక్కువే వేసి, నీళ్లు పోసి, డబ్బా భుజాన తగిలించుకుని గదిలోకి వెళ్లాడు. పై అరలన్నీ తడిపాడు. మధ్య అరలన్నీ తడిపాడు. కింది అరల దగ్గరికి వచ్చేసరికి నడుం మొరాయించింది. ఎంత ప్రయత్నించినా వంగలేకపోయాడు. ఏళ్ల తరబడి బస్సు సీటులో కూర్చున్న నడుం మరి.

"పోనీలే, కింద బాగానే ఉందిగా," అనుకుని డబ్బా దింపి అక్కడే పీట వేసుకుని కూర్చున్నాడు.

వాసన మెల్లగా గదంతా నిండింది. అదే ఘాటు. కళ్లలో అదే చురుకు. ఆయన కళ్లు మూసుకున్నాడు. వీధి మలుపు, చీకటి, వంటింటి కిటికీలో దీపం, ఆ వెనక గిన్నెల చప్పుడు, అన్నీ వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. "వచ్చారా?" అని ఎవరో అన్నట్టే అనిపించింది. ఎన్నాళ్లకి! పెద్దాయన ఒంటరిగా కూర్చుని, పీట మీదే, చిన్నపిల్లాడిలా హాయిగా ఏడ్చాడు. సాయంత్రానికి తలుపులు తెరిచి వాసన పోనిచ్చాడు, డబ్బా తిరిగి అటక ఎక్కించాడు. కోడలికి ఆ పూట జలుబు. ఆమెకి ఏమీ తెలియలేదు.

తెలియాల్సిన రోజు ఆదివారం నాడు వచ్చింది. ఆ పొద్దున గది తలుపు తీసిన కోడలు మళ్లీ చాలాసేపు బయటికి రాలేదు. చివరికి వంటింట్లోకి వచ్చి, చేతులు కడుక్కోకుండానే బల్ల దగ్గర కూర్చుండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు కొడుకు తింటున్నవాడల్లా ఆగి.

"పోయిందండీ. పై అరలు, మధ్య అరలు, మొత్తం పచ్చగా అయిపోయాయి."

కొడుకు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "సరే, నువ్వు చేయాల్సింది చేశావు. రేపు టైర్లాయనకి తాళం ఇచ్చేస్తాను," అన్నాడు.

"కానీ కింది అరలు తెల్లగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. అదే మట్టి, అదే కంపోస్టు, అన్నిటికీ ఒకటే డ్రమ్ము. అలా ఎందుకవుతుంది?" అంటూ ఆమె మావగారి వైపు తిరిగింది. అడగలేక అడిగింది. "మావయ్యా, మీరేమైనా కొట్టారా?"

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు, తప్పు ఒప్పుకోవడం అంతకన్నా చేతకాదు. దాంతో కోపం వచ్చింది.

"కొట్టాను! బ్లీచింగ్ కొట్టాను! కళ్లెదుట బూజు పెరుగుతుంటే చూస్తూ కూర్చోమంటావా? ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ గదిలో నలుసంత మురికి ఉండేది కాదు. నువ్వొచ్చి డ్రమ్ములకి డ్రమ్ములు పురుగుల్ని దింపావు. ఆవిడ చూస్తే ఏమనుకుంటుంది?"

"మీరు చంపింది బూజుని కాదు మావయ్యా, మన కాపలాని," అంది కోడలు. "బూజు లోపల కంపోస్టులో దాక్కుంటుంది, పైన కొడితే దానికేం కాదు. మనవి పైన పరుచుకుని ఉన్నాయి. అవి చచ్చిపోయాయి."

"అదేం లెక్క?"

"మీ లెక్కలోనే చెబుతాను. డిపోలోనే మనవాళ్లు ఎక్కి సీట్లన్నీ నిండిపోయాయనుకోండి. తర్వాతి స్టాపులో జేబుదొంగలు ఎక్కినా కూర్చోడానికి చోటుండదు, ఫుట్‌బోర్డు మీద వేలాడాల్సిందే. మీరేం చేశారు? ఉన్నవాళ్లందర్నీ దింపేసి, బస్సు శుభ్రంగా కడిగి, తలుపు బార్లా తెరిచి పెట్టారు. ఖాళీ బస్సు మావయ్యా. దొంగలకి అంతకంటే ఏం కావాలి?"

పెద్దాయనకి అర్థమైంది. అర్థమయ్యాక కోపం తగ్గాలి కదా, పెరిగింది.

"నాకు పాఠాలు చెప్పకు! అంతకాలం ఆవిడ బ్లీచింగుతోనే నెట్టుకొచ్చింది. ఆ వాసన రాకపోతే అది ఆవిడ గదే కాదు. ఆ వాసన కోసం నేను..." అని ఆగిపోయాడు.

"ఆ వాసనంటే నాకు అసహ్యం నాన్నా," అన్నాడు కొడుకు.

ఇద్దరూ అతని వైపు చూశారు. కొడుకు కంచంలోకి చూస్తూ మాట్లాడుతున్నాడు.

"నేను ఆ గదిలోకి ఎందుకు వెళ్లనో మీరెప్పుడూ అడగలేదు. స్కూలుకి వెళ్లేటప్పుడు అమ్మ నా చొక్కా బొత్తాలు పెట్టలేకపోయేది. వేళ్లన్నీ పగిలిపోయి ఉండేవి. పగుళ్లలో దారాలు తగులుకునేవి. ఎన్నిసార్లు నా చొక్కాకి రక్తం అంటిందో! ఎవరైనా అడిగితే ముక్కులోంచి కారిందని చెప్పమనేది. సాయంత్రం నేనే గిన్నెలు తోమేవాణ్ని, తన చేతికి సబ్బు తగిలితే తట్టుకోలేదని. అయినా తెల్లారితే మళ్లీ ఆ బకెట్టే."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు పెద్దాయన.

"చెప్పొద్దంది. 'మీ నాన్నకి తెలిస్తే గది మూసేయమంటారు, నాకున్నది అదొక్కటేరా' అంది. అంత చేసినా బూజు వచ్చేది నాన్నా. మీరు డ్యూటీలో ఉన్నప్పుడు అరలకి అరలు బస్తాల్లో కట్టి పారేసి, మీరు వచ్చేసరికి మొహం కడుక్కుని కూర్చునేది. నలుసంత మురికి లేదంటున్నారే, అది మీ ముక్కుకి. నాకు ఆ వాసన వస్తే అమ్మ వేళ్లే కనబడతాయి. ఇప్పుడు ఈవిడ కూడా ఆ గదిలోకి వెళ్తుంటే..." అతను భార్య వైపు చూడలేదు. "అందుకే టైర్లకి ఇచ్చేద్దామన్నాను. అద్దె కోసం కాదు."

కోడలు మెల్లగా లేచి భర్త పక్కకి వచ్చింది. "నాకు ఇన్నాళ్లూ ఒక్క ముక్క చెప్పలేదేం? ఆ డ్రమ్ము పెట్టిందే బ్లీచింగు అక్కర్లేకుండా ఉండాలని కదా!" అంది. అతను తల ఊపాడు.

పెద్దాయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. గది గోడకి ఆనుకుని ఎండలో నిలబడ్డాడు. ఏదో ఒకటి కాదు, ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తున్నాయి. సినిమాకి వెళ్లినప్పుడు చీకట్లో చెయ్యి పట్టుకోబోతే ఆవిడ చటుక్కున లాక్కునేది. రోడ్డు దాటేటప్పుడూ అంతే. "వదలండీ, అందరూ చూస్తారు," అనేది. తనకేమో అది సిగ్గు అనిపించేది. సిగ్గరి పెళ్లాం అని డిపోలో స్నేహితుల దగ్గర మురిపెంగా చెప్పుకునేవాడు కూడా. అది సిగ్గు కాదు. మంట. ఆ చెయ్యి పట్టుకుంటే నొప్పి. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద అన్నేళ్లు బతికి, ఆవిడ అరచెయ్యి ఎలా ఉంటుందో తనకి తెలియదు. వాసన ఒక్కటి దాచుకున్నాడు, అది ఎక్కడి నుంచి వస్తోందో చూడలేదు. తను హాయిగా ఊపిరి పీల్చుకున్న ప్రతి రాత్రీ లోపల ఆవిడ చేతులు మండుతూ ఉన్నాయి.

చాలాసేపటికి కోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగలేదు.

"ఆ నీళ్లేవో అప్పుడుంటే ఆవిడకి ఆ కష్టం ఉండేది కాదు కదమ్మా?"

"ఏమో మావయ్యా, ఎలా చెప్పను? ఈ నీళ్లు కొట్టినా గది శుభ్రంగా ఉంచుకోవాల్సిందే. నేల కడగాలి, కాళ్లు కడుక్కుని వెళ్లాలి. కానీ అంత ఘాటుగా, అన్నిసార్లు అక్కర్లేదు. నేనైతే గ్లౌజులు లేకుండా బకెట్టు ముట్టను." ఆయన చేతిలో గ్లాసు అందుకుని, "అత్తయ్యకి తెలిసిన దారి అదొక్కటే. ఆ దారిలోనే గదిని ఇక్కడిదాకా తెచ్చారు. ఇది ఇప్పటికీ ఆవిడ గదే," అంది.

పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. "కింది అరలు నిజంగా బాగున్నాయా?"

"మీ నడుం నొప్పి పుణ్యమా అని!"

ఆయనకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆ రోజే ముగ్గురూ పనికి దిగారు. పచ్చబడ్డ కంపోస్టుని దుమ్ము లేవకుండా తడిపిన గోనెపట్టాలు కప్పి, బస్తాలకెత్తి, దూరంగా తీసుకెళ్లి పూడ్చారు. కొడుకు గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి, ముక్కుతో గాలి పీల్చి చూసి, తర్వాత లోపలికి అడుగు పెట్టాడు. ఎంత పొడుగయ్యాడో, వాడి తల రేకులకి తగిలింది. కోడలు డ్రమ్ములో కొత్త నీళ్లు కలిపి కింది అరలకి ఇంకోసారి చల్లింది. ఖాళీ అరల్లో మళ్లీ కంపోస్టు పరిచేటప్పుడు పెద్దాయన చొక్కా చేతులు పైకి మడిచి, ఆ పుల్లటి నీళ్లని ముంతతో ముంచి తనే పోశాడు, తనే కలిపాడు. మొదట మొహం చిట్లించాడు. కాసేపటికి మరిచిపోయాడు. కలుపుతూ కలుపుతూ, "ఎక్కండి, ఎక్కండి, లోపలికి జరగండి," అని బస్సులో అరిచినట్టు అరిస్తే కొడుకు, కోడలు పడీ పడీ నవ్వారు.

కింది అరల్లో బొడిపెలు తలెత్తిన పొద్దున పెద్దాయన ఇంట్లో ఎవర్నీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. అవి గుండ్రంగా, గట్టిగా ఎదిగి కోతకొచ్చిన రోజున కొడుకు ఏసీ పనికి వెళ్లే దారిలో టైర్ల షాపు దగ్గర ఆగి, గది ఖాళీ లేదని చెప్పి వెళ్లాడు. కోడలు సెలవు పెట్టింది. నేల మీద చతికిలబడి, ఒక్కొక్క పుట్టగొడుగునీ మెల్లగా మెలితిప్పి తీసి, కాడ చివర కత్తిరించి పైకి అందిస్తుంటే, పీట మీద కూర్చున్న పెద్దాయన అందుకుని బుట్టలో పేరుస్తున్నాడు.

అలా అందిస్తున్న ఆ చేతిని ఆయన ఉన్నట్టుండి పట్టుకున్నాడు. బుట్ట పక్కన పెట్టి, ఆమె అరచేతిని కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. వేళ్ల చివర మట్టి ఉంది. గోళ్ల సందుల్లో మట్టి ఉంది. బొటనవేలితో తుడిచి చూశాడు. ఎక్కడా పగులు లేదు. మెత్తగా, చల్లగా, ఆరోగ్యంగా ఉంది ఆ చెయ్యి.

"ఏంటి మావయ్యా?"

"ఏం లేదమ్మా. ఒక్కసారి ఆవిడ చెయ్యి ఇలా తిప్పి చూసి ఉంటే..." అని ఆయన ఆ అరచేతిలో నుదురు ఆనించి ఏడ్చాడు.

కోడలు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.